సిస్టోస్కోపీ పనోరమా సాఫ్ట్‌వేర్: చాలాకాలం వాడాక చెబుతున్న మాట

మూత్రాశయం క్యాన్సర్‌లో గడ్డ తీసేశాక మూడో నెలలో మొదటి చెక్ సిస్టోస్కోపీ (మూత్రమార్గం గుండా సన్నటి కెమెరా గొట్టం పంపి మూత్రాశయం లోపల చూడటం) చేస్తాం, తర్వాత కూడా ఏళ్ల తరబడి చేస్తూనే ఉండాలి, ఎందుకంటే ఇది తిరగబెట్టే జబ్బు. స్కోపులో ఒకసారికి కనిపించేది గోడలో చిన్న ముక్కే. పోయినసారి గడ్డ ఎక్కడ ఉండేదో తెలియాలంటే రిపోర్టులో గీసిన గుండ్రటి బొమ్మ, దాని మీద ఒక ఇంటూ గుర్తు, కింద "కుడి గోడ" అని ఒక ముక్క. ఈసారి వేరే డాక్టరు చూస్తే ఆయనకు ఏం అర్థమవుతుంది?

వీడియో ఫ్రేములన్నీ కుట్టి లోపలి గోడ మొత్తాన్ని ఒకే బొమ్మగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ మా ఓపీలోకి అందుకే వచ్చింది. ఒక ఫ్రేములో రక్తనాళాలు చీలే చోట్లను పక్క ఫ్రేములో వెతికి పట్టుకుంటుంది, తప్పుగా కలిసిన జతలను 1981 నాటి రాన్‌సాక్ పద్ధతిలో (కొన్ని జతలను యాదృచ్ఛికంగా తీసుకుని, మిగతావి వాటితో పొసుగుతాయో లేదో చూసే పద్ధతి) ఏరేస్తుంది, మిగిలినవాటి ఆధారంగా బొమ్మలను అతికిస్తుంది. వైడ్ యాంగిల్ లెన్సు అంచులను వంచి చూపిస్తుంది కాబట్టి చదరంగం గళ్ల బోర్డుతో ముందే క్యాలిబ్రేషన్ చేయాలి, అంటే ఆ వంపు ఎంతో కొలిపించాలి. టెలిస్కోపు మార్చినప్పుడల్లా మళ్లీ చేయాల్సిందే, లేకపోతే అతుకుల దగ్గర ఒకే నాళం రెండుగా కనిపిస్తుంది.

నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది బొమ్మలో మిగిలే నల్లటి ఖాళీ. స్కోపు చూడని చోటు నల్లగానే ఉండిపోతుంది. బ్లాడర్ నెక్‌కు (మూత్రాశయం కింది మూతికి) దగ్గరగా ఉండే ముందు గోడ, చూపు 30 డిగ్రీలు పక్కకు వంగి ఉండే టెలిస్కోపుతో తేలిగ్గా తప్పిపోతుంది, చూశామనే అనుకుంటాం, స్క్రీన్ మీద నలుపు కనిపిస్తే 70 డిగ్రీలది తీసుకుని మళ్లీ వెళ్తాం. పీజీలకు నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం నేను చూడలేదు.

మంచి బొమ్మ రావాలంటే చేతికి ఓపిక కావాలి. ముందు రక్తం, చెత్త పోయేదాకా బాగా కడగాలి. సెలైన్ ఒక స్థాయికి నింపి ఇన్‌ఫ్లో ఆపేయాలి, కుట్టే మధ్యలో ఇంకా నింపుతుంటే గోడ బెలూన్‌లా సాగి నాళాల మధ్య దూరాలు మారిపోతాయి. పైకప్పు దగ్గర నిలిచే గాలి బుడగ మనకు దిక్కు చెప్పే గుర్తే గానీ, దాని మీది మెరుపు సాఫ్ట్‌వేర్‌ను తికమక పెడుతుంది. కెమెరాను నిలకడగా పట్టుకుని టెలిస్కోపును మాత్రం తిప్పితే చూపు దిశ మారిపోతుంది, మా సాఫ్ట్‌వేర్ అక్కడే దారి తప్పుతుంది. ఎన్‌బీఐ (నారో బ్యాండ్ ఇమేజింగ్, నీలం, ఆకుపచ్చ కాంతి మాత్రమే వాడేది) కాంతిలో మాత్రం నాకు అతుకులు బాగా కుదిరాయి, 415, 540 నానోమీటర్ల దగ్గరి కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది కదా, నాళాలు ముదురుగా తేలతాయి.

పాత ఆపరేషన్ మచ్చల దగ్గర మాత్రం ఇది చేతులెత్తేస్తుంది. తెల్లటి మచ్చ మీద పట్టుకోవడానికి నాళాలే ఉండవు. మనం జాగ్రత్తగా చూడాల్సిన చోటు అదే, అందుకే ఇది నన్ను నిజంగా బాధపెట్టే లోపం.

ఈ బొమ్మ మీద గడ్డ సైజు కొలవకండి. గుండ్రటి గోడను చదును చేసినప్పుడు అంచులు సాగుతాయి. కార్సినోమా ఇన్ సిటు (గోడ పైపొరలోనే ఉండే క్యాన్సర్) లాంటి చదునైన ఎర్రటి మచ్చను బొమ్మ చూసి లేదని తేల్చేయకండి, అతుకుల వెలుగు సమానం చేసేటప్పుడు ఆ కాస్త ఎరుపు కలిసిపోవచ్చు. అసలు ఫ్రేము తెరిచి చూడాలి, మా సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ మీద నొక్కితే ఆ ఫ్రేము వస్తుంది, ఆ సౌకర్యం లేనిది ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. మూడు నెలల తర్వాతి బొమ్మను పాతదాని మీద పెడితే సరిగ్గా కూర్చోదు, మూత్రపిండాల నుంచి వచ్చే రెండు మూత్రనాళాల రంధ్రాలను ఆధారం చేసుకుని పోల్చుకోవాలి.

అమ్మినవాళ్ల మీద నాకున్న కోపం ఒకటే. ఫైలు వాళ్ల వ్యూయర్‌లో తప్ప తెరుచుకోదు. పేషెంటు వేరే ఊళ్లో చూపించుకోవాలంటే ఒక జేపెగ్ ఇచ్చి పంపాలి, దానితో అసలు ఫ్రేములన్నీ పోయినట్టే. కొనేవాళ్లు ఈ సంగతి ముందే కాగితం మీద రాయించుకోండి. డెమోలో మచ్చ లేని శుభ్రమైన మూత్రాశయం వీడియో పెడతారు, దాన్ని పక్కనపెట్టి రెండు మూడు సార్లు ఆపరేషన్ అయిన మీ పేషెంటు వీడియో ఒకటి, పేరూ వివరాలూ తీసేసి, వాళ్ల ముందే కుట్టించి చూడండి.