పర్లాకిమిడిలో బోర్డు రాయించుకుంటే: నా అనుభవం, 4 స్టార్లు

షాపు పేరు రాద్దామంటే దానికి పేరు లేదు. ఊరందరికీ బోర్డులు రాసే మనిషి తన కొట్టుకి మాత్రం బోర్డు పెట్టుకోలేదు. రాజుగారి ప్యాలెస్ వైపు వెళ్తుంటే ఒక అరుగు మీద ఎండిపోయిన ఎనామిల్ డబ్బాలు బోర్లించి ఉంటాయి. అదే ఆనవాలు.

నాది టైలరింగ్. 18 ఏళ్ళుగా జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, పిల్లల గౌన్లు కుడుతున్నాను. మా ఊరు ఒడిశాలో ఉన్నా, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం నుంచి కూడా ఆటోల్లో వచ్చి ఇచ్చి వెళ్తారు. ఇన్నేళ్ళూ బోర్డు లేకుండానే గడిచింది. కిందటేడు కొట్టు రోడ్డు వైపుకి మార్చాక ఒక ఫ్లెక్స్ షాపుకి వెళ్ళాను. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు పావుగంటలో డిజైన్ చేసేశాడు. గులాబీ రంగు, కుట్టుమిషన్ బొమ్మ, చుట్టూ మెరుపులు. 1,400 రూపాయలు. నేను బొమ్మ చూసి మురిసిపోయాను గాని అక్షరాలు చూడలేదు.

దసరాకి మా అమ్మాయి వచ్చింది. శ్రీకాకుళంలో బీఈడీ చదువుతోంది. ఆటో దిగి, బ్యాగు కూడా కింద పెట్టకుండా బోర్డు వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, మూడు గుర్తులు పెట్టాడు, మూడూ తప్పే" అంది.

ఇంగ్లీషులో 'లేడీస్ అండ్ చిల్డ్రన్స్ టైలర్స్' అని రాయమన్నాను నేను. ఆ కుర్రాడు ఎల్, ఏ, డి, ఐ, ఈ వరకు రాసి, అక్కడ అపాస్ట్రఫీ (ఫలానా వాళ్ళది అని చెప్పడానికి అక్షరం పక్కన పైన పెట్టే కామా లాంటి గుర్తు) పెట్టి, తర్వాత ఎస్ పెట్టాడు. గుర్తుకి ముందు మిగిలిన ముక్క చదివితే అలాంటి మాటే ఇంగ్లీషులో లేదట. ఒక్క ఆవిడ అయితే చివర వై ఉండాలి. చిల్డ్రన్ దగ్గర ఎస్ రాసి దాని తర్వాత గుర్తు పెట్టాడు. చిల్డ్రన్ అంటేనే చాలామంది పిల్లలు కాబట్టి గుర్తు ఎన్ పక్కనే రావాలి, ఎస్ దాని తర్వాత. ఇక టైలర్స్‌కి అసలు గుర్తే అక్కర్లేదు. అక్కడ ఎవరిదీ ఏదీ లేదు, ఊరికే టైలర్లు అని చెప్పడమే. దానికీ ఒకటి తగిలించాడు. బహుశా ఎస్ కనపడ్డ చోటల్లా ఒకటి పెట్టేయాలని నేర్చుకుని ఉంటాడు. పైగా ఆ గుర్తులు కూడా ఎడమకి వాలి ఉన్నాయి. కీబోర్డులో ఒకటి పక్కనున్న మీట నొక్కాడట.

"ఎవరు చదువుతారే ఇవన్నీ? జాకెట్టు సరిగ్గా కుట్టావా లేదా చూస్తారు గాని" అన్నారు మా అత్తగారు. ఆవిడ అన్నదీ నిజమే. కాని కాజా కుట్టాల్సిన చోట కాకుండా వేలెడు పక్కన కుడితే నేను ఊరుకుంటానా? చూస్తూ ఉండలేకపోయాను.

అలా ఈ పెయింటర్ దగ్గరికి వెళ్ళాం. అరవై దాటిన మనిషి, అందరూ బాబాయి అంటారు, నేనూ అలాగే అన్నాను. నేను కాగితం ఇవ్వగానే రంగు ఏమిటి, సైజు ఎంత అని అడగలేదు. "అమ్మా, ఆడవాళ్ళు ఒకరా, చాలామందా?" అన్నాడు. ఈ ప్రశ్న కోసమే నేను ఈ రివ్యూ రాస్తున్నాను.

ఆయన పద్ధతి ఇది. ముందు ఎవరిదో ఆ మాట మొత్తం రాసేయాలి. ఒకరైతే ఒకరు, పది మందైతే పది మంది. అది రాయడం అయ్యాకే దాని వెనక పై కామా పెట్టాలి. అపాస్ట్రఫీని ఆయన పై కామా అంటాడు. ఆ మాట ఎస్‌తో ముగిసి ఉంటే ఇక ఏమీ రాయొద్దు, అక్కడితో ఆపేయాలి. ఎస్ లేకపోతే గుర్తు తర్వాత ఒక ఎస్ తగిలించాలి. లేడీస్ అన్నది ఎస్‌తో ముగిసింది, కాబట్టి లేడీస్'. చిల్డ్రన్‌కి ఎస్ లేదు, కాబట్టి చిల్డ్రన్'స్. విమెన్, మెన్, పీపుల్ కూడా చిల్డ్రన్ లాగే. అట్ట మీద సుద్దతో రాసి చూపించాడు. మా అమ్మాయి బీఈడీలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదంది.

"వద్దంటే లేడీస్ దగ్గర పై కామా తీసేస్తాను, చాలా బోర్డుల మీద ఉండదు, అదీ తప్పు కాదు. చిల్డ్రన్ దగ్గర మాత్రం తియ్యను. చిల్డ్రన్స్ అని మాట లేదు" అన్నాడు. నేను రెండూ ఉంచమన్నాను. డబ్బులిచ్చేది నేనే కదా!

అసలు చిక్కేమిటంటే ఇది చెవికి దొరకదు. ఒక అమ్మాయి హాస్టలన్నా, వంద మంది అమ్మాయిల హాస్టలన్నా ఇంగ్లీషులో వినపడేది గర్ల్స్ హాస్టలే. మా ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు నోటితో పలికే భాషే చేత్తో రాయాలని అన్నేళ్ళు వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఈ పై కామా నోటితో పలికేది కాదు, కంటితో చూసేదే. మనకా బాధ లేదు. పిల్లలు అన్నదాంట్లో చివరి కొమ్ము తీసేస్తే పిల్లల అవుతుంది. ఆడవాళ్ళు, ఆడవాళ్ళ. టీచర్లు, టీచర్ల. పలికితేనే తెలిసిపోతుంది. కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు మాది, కొమ్ములతో మాకెప్పుడూ ఇబ్బంది లేదు. ఒడియాలో అయితే 'మానంకర' అని పొడుగాటి తోక తగిలిస్తారు. ఇంగ్లీషు వాళ్ళు అంత పనినీ ఒక్క చుక్కకి అప్పజెప్పారు.

అరుగు గోడకి సెప్టెంబర్ 5 కోసం ఏదో బడికి రాసిన పాత గుడ్డ బ్యానర్ ఉంది. టీచర్స్' డే, గుర్తు ఎస్ తర్వాత. టీచర్లందరి రోజు కదా. మరి మదర్స్ డేకి ఎస్ ముందు ఎందుకు పెడతారని నేను అడిగితే బాబాయి తల గోక్కున్నాడు. మా అమ్మాయి చెప్పింది. అమెరికాలో ఆ రోజు కోసం పట్టుబట్టిన అన్నా జార్విస్ అనే ఆవిడ, ఎవరింట్లో వాళ్ళు తమ ఒక్క అమ్మని తలుచుకోవాలి గనక ఏకవచనమే ఉండాలందట. 1914లో అక్కడి ప్రెసిడెంట్ ప్రకటించారట. బాబాయి ఆ ముక్క తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అది చూసి నాకు ముచ్చటేసింది.

అన్నీ తెలుసని కాదు. నా ముందే ఒక స్వీట్ షాపాయన వచ్చి దాస్ గారి పేరుతో బోర్డు కావాలన్నాడు. బాబాయి తన లెక్క ప్రకారం ఎస్‌తో ముగిసింది గనక ఆపేశాడు. మా అమ్మాయి ఊరుకోదుగా. ఒక్క మనిషి పేరు అలా ముగిస్తే ఇంకో ఎస్ కూడా రాస్తారు, దాస్'స్ అని, కొందరు రాయరు, దాస్ గారి కుటుంబం మొత్తానిదైతే దాసెస్' అని మొదలుపెట్టింది. ఆ స్వీట్ షాపాయన మొహం చూడాలి! చివరికి గుర్తూ వద్దు, గొడవా వద్దని ఉత్త దాస్ స్వీట్స్ అని రాయించుకున్నాడు.

పని విషయానికొస్తే, రేకు మీద ప్రైమర్, దాని మీద రెండు కోట్లు, సుద్దదారంతో గీతలు కొట్టి చేత్తోనే రాశాడు. పైన ఒడియా, మధ్యలో ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగు అక్షరాలు కాస్త చిన్నవైపోయాయి, చోటు చాలలేదన్నాడు. మొత్తం 2,600 తీసుకున్నాడు, ఫ్లెక్స్ కంటే ఎక్కువే. రెండు వర్షాకాలాలు చూశాక గాని రంగు సంగతి చెప్పలేను.

ఒక స్టార్ ఎందుకు తీసేశానంటే, అడ్వాన్స్ రసీదు మీద ఇంగ్లీషులో 'త్రీ డేస్' టైం' అని రాసిచ్చాడు. డేస్ తర్వాత పై కామా చక్కగా పెట్టాడు. మూడు రోజుల గడువు అన్నప్పుడు అక్కడే రావాలట. గుర్తు తప్పు పోలేదు గాని రోజులు తప్పాయి. బోర్డు చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అడిగితే ఎండలేదంటాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. వెళ్ళేవాళ్ళు పొద్దున పది లోపల వెళ్ళండి, తర్వాత ఏదో ఒక గోడ మీద నిచ్చెనెక్కి ఉంటాడు.