విశాఖలో రెండు రోజులు: సబ్‌మెరైన్ చూడండి, లాడ్జీ మాత్రం చూసుకుని దిగండి

లాడ్జీ సంగతి ముందు చెప్పెయ్యాలి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. ఫోన్‌లో ఏసీ రూము రోజుకి 1,800 అన్నారు. ఉదయం 8కి సామానుతో దిగితే, మధ్యాహ్నం 12 లోపు తాళం కావాలంటే ఇంకో 600 అన్నారు. కట్టాను. గీజరు పనిచెయ్యలేదు. దుప్పటి మీద ఎవరో తాగిన టీ మరక. కౌంటర్‌లో కుర్రాడు ఏది అడిగినా ఒకటే మాట: "ఓనరు గారు అలాగే చెప్పారండి, నేనేటి చేస్తాను?"

రైలు టైముకే వచ్చింది, కైలాసగిరి బాగుంది. అంతే.

సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి వెళ్ళాం. 91 మీటర్ల పొడవు, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. సోమవారం మూసేస్తారు, ముందే కనుక్కుని వెళ్ళండి. మా బాబాయి లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. టార్పెడోల గదిలో నేను ఇంకా ఆ 600 గురించే సణుగుతుంటే ఆయన నవ్వారు. "ఆ కుర్రాడి మాట కోర్టులో చాలామంది చెప్పారురా, అందులో సబ్‌మెరైన్ వాళ్ళూ ఉన్నారు" అని మొదలుపెట్టారు.

1918 జూన్‌లో యూ-86 అనే జర్మన్ సబ్‌మెరైన్ లాండోవరీ క్యాజిల్ అనే ఆసుపత్రి ఓడని ముంచింది. అక్కడితో ఆగలేదు, ప్రాణాలతో పడవల్లో ఉన్నవాళ్ళ మీద కాల్పులు జరిపింది. ఒక్క పడవలో 24 మంది మిగిలారు. యుద్ధం అయ్యాక 1921లో లైప్‌జిగ్‌లో జర్మన్ కోర్టే ఇద్దరు ఆఫీసర్లని విచారించింది. పై ఆర్డరన్న వాదన చెల్లలేదు. దిక్కులేకుండా నీళ్ళలో ఉన్నవాళ్ళని చంపమనడం తప్పని ఎవరికైనా తెలుస్తుంది, అలాంటి ఆర్డరు వెనక దాక్కోవడం కుదరదంది కోర్టు. చెరో 4 ఏళ్ళు వేశారు, ఇద్దరూ జైలు నుంచి తప్పించుకున్నారు. ఆర్డరిచ్చిన కెప్టెన్ పాట్జిగ్ అసలు విచారణకే రాలేదు. అదే ఏడు అదే కోర్టు, డోవర్ క్యాజిల్ అనే ఇంకో ఆసుపత్రి ఓడని ముంచిన కెప్టెన్‌ని మాత్రం, పైవాళ్ళ ఆర్డరు సరైనదేనని నమ్మాడంటూ వదిలేసింది.

1945లో, నాజీ నాయకుల్ని విచారించడానికి రాసుకున్న న్యూరెంబర్గ్ చార్టర్ ఈ సందు మూసింది. ఆర్డరు ఉందంటే శిక్ష తగ్గించొచ్చేమో గానీ నేరం పోదు. నేరాలు చేసేది మనుషులు, దేశం పేరు చెప్పి తప్పించుకోలేరు అన్నది కూడా అక్కడే గట్టిగా నిలబడింది. హిట్లర్ నేవీ అధిపతి డోనిట్జ్‌కి 10 ఏళ్ళు పడ్డాయి. కానీ సబ్‌మెరైన్ యుద్ధ నియమాలు మీరినందుకు కాదు. పసిఫిక్‌లో మేమూ మొదటి రోజు నుంచి హెచ్చరిక లేకుండానే ముంచామని అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ రాసిచ్చాడు, దాంతో ఆ తప్పుని శిక్షలో లెక్కెయ్యలేదు.

"మరి వాళ్ళ మీద కేసెందుకు లేదు?" అంది మా ఆవిడ. యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో మన దేశపు జడ్జి రాధాబినోద్ పాల్ ఇలాంటివే అడిగి, నిందితులందరూ నిర్దోషులేనని విడిగా తీర్పు రాశారని బాబాయి చెప్పారు. బయట 40 రూపాయల మురీ మిక్స్చర్ తింటూ ఆవిడ ఇంకా కోపంగానే ఉంది. ఉల్లిపాయ, నిమ్మకాయ, వేరుశెనగలు, సముద్రం గాలి: ట్రిప్పులో ఖర్చుపెట్టిన వాటిలో గిట్టుబాటైంది అదొక్కటే.

మర్నాడు బిల్లులో "మెయింటెనెన్స్" అని ఇంకో 250. కుర్రాడిది మళ్ళీ అదే పాట. నేను గొంతు పెంచబోతే బాబాయి ఆపి, "నీ జీతమెంత నాన్నా?" అని అడిగారు. తొమ్మిది వేలట. ఓనరు నంబరు తీసుకుని మూడుసార్లు చేశారు, ఎత్తలేదు. 250 కట్టి బయటపడ్డాం.

ఆటోలో మా ఆవిడ అంది: "ఆ పాట్జిగ్ కూడా దొరకలేదన్నారుగా, చిన్న మావయ్యగారూ."