ఎస్.కోట నుంచి అరకు: కొత్త జీపీఎస్‌తో, ఎంటీబీ (కొండదారుల్లో తొక్కే సైకిల్) మీద మూడు రోజులు

ఎస్.కోట (శృంగవరపుకోట) రైల్వే స్టేషన్‌లో పేరు బోర్డు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. తెల్లవారుజామున మా బావ కారులో దించి వెళ్లాక నేను చేసిన మొదటి పని, ఆ అంకెను సైకిల్‌కు బిగించిన కొత్త జీపీఎస్ కంప్యూటర్‌లో నమోదు చేయడం. ఇందులో ఎత్తు కొలిచేది గాలి ఒత్తిడి సెన్సార్. ఉపగ్రహాలతో లెక్కించే ఎత్తు కంటే దీని లెక్క నిలకడగా ఉంటుంది, కానీ ఎక్కడో ఒక చోట సరైన ఎత్తు చెప్పి మొదలుపెట్టాలి. మన స్టేషన్ బోర్డులు అందుకు ఎంత బాగా పనికొస్తాయో చెప్పలేను.

రెండేళ్ల కింద ఇదే అరకు ఘాట్ రోడ్డులో డముకు దాకా వచ్చేసరికి నా కాళ్లు పట్టేశాయి. మిగతా దారి లారీలో వెళ్లాను. కింద చల్లగా ఉంది కదా అని మొదట్లోనే గట్టిగా తొక్కేయడమే కారణం. ఈసారి వెళ్లాల్సిన దారి ఫైలును ఇంట్లోనే పరికరంలోకి ఎక్కించుకున్నాను కాబట్టి, ఎక్కుడు ఇంకా ఎన్ని కిలోమీటర్లు ఉంది, ఎన్ని మీటర్లు పైకి ఎక్కాలి, ముందున్న వంపులో వాలు ఎంత అన్నది తెర మీద కనిపిస్తూనే ఉంది. వాలు ఏడు శాతం దాటితే చిన్న గేరు, తగ్గితే రెండు గుక్కల నీళ్లు. టైడా దాటాను, డముకు వ్యూ పాయింట్ దాటాను, ఎక్కడా ఆయాసంతో ఆగలేదు. ఈ పరికరానికి పెట్టిన డబ్బు ఆ ఒక్క పూటలోనే తీరిపోయింది నాకు.

బొర్రా గుహలకు అసలు రోడ్డు వదిలి పక్కకు దిగాలి. గుహల్లోకి వెళ్లే ముందు రికార్డింగ్ ఆపేయండి. లోపల సిగ్నల్ ఉండదు, పరికరం మనం తిరగని చోట్లకు గీతలు గీస్తుంది. సైకిల్ బయట వదిలి వెళ్లాలి కాబట్టి పరికరాన్ని మౌంట్ నుంచి తీసి జేబులో పెట్టుకున్నాను. గుహల బయట బొంగులో చికెన్ తిన్నాను. రుచికి వంక పెట్టలేను గానీ, ఇంకా ఎక్కాల్సిన దారి ఉన్నవాళ్లు సగమే తినడం మంచిది.

నిజమైన పరీక్ష కటికి జలపాతం దారిలో ఎదురైంది. జీపులు తిరిగే ఆ రాళ్ల దారి ఎంటీబీకి చాలా బాగుంటుంది. చెట్లు దట్టంగా, పక్కనే కొండ. ఉపగ్రహ సంకేతం కొండకు తగిలి ఆలస్యంగా చేరుతుంది, దాంతో మనం ఉన్న చోటు పక్కకు జరిగినట్టు చూపిస్తుంది. పైగా పరికరం గుర్తించిన చుక్కలను నేరుగా కలుపుతుంది, మెలికలన్నీ పోతాయి. వెళ్లేటప్పుడు చక్రం మధ్యలోని హబ్‌కు కట్టిన, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించే స్పీడ్ సెన్సార్‌తో దూరం కొలిచాను, వచ్చేటప్పుడు దాన్ని ఆపి కొలిచాను. అదే దారి దాదాపు 300 మీటర్లు తగ్గింది. తారు రోడ్డు మీద సెన్సార్ లేకపోయినా ఫర్వాలేదు, అడవి దారిలో మాత్రం తప్పకుండా పెట్టుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు మ్యాప్‌లో ఒక అడ్డదారి కనిపించింది. కట్టెలమోపుతో వస్తున్న ఒక అమ్మ ఆపి, "అటు పోకు బాబూ, వానలకు దారి కొట్టుకుపోయింది" అంది. ఆమె మాట విని వచ్చిన దారినే పట్టాను. పరికరం మాత్రం వెనక్కి తిరగమని మోగుతూనే ఉంది. అడవిలో దిగే ముందు, దారి తప్పితే కొత్త దారి వెతికే సెట్టింగ్ ఆపేసుకోండి. మ్యాప్‌లో ఉన్న గీత ఈ ఏడాది వానలను చూసి ఉండదు.

ఆ రాత్రి అనంతగిరిలో ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది. సైకిల్‌ను లోపలికి తేనివ్వలేదు, మెట్ల కింద గొలుసు వేసి వదలాల్సి వచ్చింది. కరెంటు రాత్రి పదింటికి పోయి తెల్లారాక వచ్చింది. పవర్ బ్యాంక్ తేలేదు, పరికరంలో ఛార్జింగ్ 38 శాతమే ఉంది, నిద్ర పట్టనంత టెన్షన్. పొద్దున మ్యాప్ తెర మూసేసి, వెలుతురు తగ్గించి బయల్దేరితే సాయంత్రం దాకా వచ్చింది. ఇంకో సంగతి. సాయంత్రానికీ పొద్దుటికీ అదే గుమ్మం ముందు ఎత్తు 14 మీటర్లు మారింది. రాత్రి మబ్బు పట్టి గాలి ఒత్తిడి తగ్గితే, పరికరం అదంతా మనం పైకి ఎక్కినట్టే లెక్కేస్తుంది.

గాలికొండ దగ్గర చలిగాలికి చేతి గ్లవ్స్ తీయలేక, తెర తాకే రకం కాకుండా బటన్లున్నది కొన్నందుకు సంతోషించాను. సుంకరమెట్ట కాఫీ తోటల నీడలో కాసేపు కూర్చుని, దారి అడుగుతూ శిమిలిగూడ స్టేషన్‌కు వెళ్లాను. ఒకప్పుడు దేశంలో అన్నిటికంటే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరున్నది, 996 మీటర్లు. నా తెర మీద 1,003. రాత్రి తేడాను పొద్దున సరిదిద్దుకున్నాను కాబట్టే ఇంత దగ్గరగా వచ్చింది. నిర్మానుష్యంగా ఉన్న ఆ ప్లాట్‌ఫారం మీద ఎంత ఆనందపడ్డానో.

అరకులో ఒక ఇంట్లో అద్దెకిచ్చే గది దొరికింది, రాత్రికి 1,200 రూపాయలు. లాడ్జి కంటే చౌక, సైకిల్‌కు వరండాలో చోటు, బురద కడగడానికి పైపు. ఇంటావిడ అడగకుండానే గొలుసు తుడవడానికి పాత గుడ్డలు ఇచ్చింది. సైకిల్ మీద వచ్చేవాళ్లు గది అడిగేటప్పుడు టీవీ, గీజర్ సంగతి తర్వాత, ఈ మూడూ ముందు అడగాలి: సైకిల్ లోపల పెట్టనిస్తారా, మంచం దగ్గర ప్లగ్ ఉందా, నీళ్ల పైపు ఉందా.

మూడో రోజు దిగేటప్పుడు టూరిస్టు బస్సులు పైకి రాకముందే వెళ్లాలని ఆరింటికే కదిలాను. దిగుడులో తెర వైపు చూడనేకూడదు. వేగం గంటకు 45 కిలోమీటర్లు దాటితే మోగేలా పెట్టుకుని, చూపు మలుపుల మీదే ఉంచాను. డముకు దగ్గర బ్రేక్ డిస్కులు చల్లారేదాకా పావుగంట ఆగాను, కింద లోయంతా మంచు పట్టి ఉంది.