మా ఇరవై బై పది ఇల్లు: డబ్బాకు ఆరు మార్కులు, వసారాకు తొమ్మిది

ముందు రేటు చెప్పేస్తాను, అందరూ మొదట అడిగేది అదే. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న రెడీమేడ్ ఇల్లు. లోపల బాత్రూమ్, వంటగట్టు, మంచం, గోడకు మడిచిపెట్టే టేబుల్ అన్నీ కలిపి 6 లక్షల 40 వేలు. దానిమీద 18 శాతం జీఎస్టీ. ట్రెయిలర్ కిరాయి, క్రేన్ కిరాయి, కింద పునాది దిమ్మెలు మనవే. ఈ సంగతులన్నీ కోటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, కాబట్టి దాన్ని కిందినుంచి పైకి చదవండి.

చేసింది హైదరాబాద్ శివార్లలోని ఒక యార్డు. పేరు రాయను. ఆ రోడ్డు పొడుగునా ఇలాంటి యార్డులే, నేను మెచ్చుకునేవీ తిట్టేవీ చాలామటుకు అన్నిట్లోనూ కనిపిస్తాయి.

మాకు పరిగి దాటాక చిన్న మామిడితోట ఉంది. నేనూ మావారూ ఇద్దరం రిటైరయ్యాం, వారంలో సగం అక్కడే ఉంటాం. కాంక్రీటు ఇల్లు మొదలుపెడితే మేస్త్రీ వెంట తిరగడమే సరిపోతుంది, పైగా ఇద్దరు మనుషులకు అంత ఇల్లెందుకు? అలా ఈ దారి పట్టాం. మొదట ఒక ఏజెంటు పాత షిప్పింగ్ కంటైనర్ అంటగట్టబోయాడు. రేటు తక్కువే. కానీ దాని వెడల్పు బయటి కొలతే ఎనిమిది అడుగులు. వేడి ఆగడానికి లోపల పొర వేసి, బోర్డు కొట్టేసరికి ఏడు మిగులుతుంది. మంచం పక్కన ఓరగా నడవాలి. కింద పరిచే ప్లైవుడ్‌కు పురుగు పట్టకుండా మందు పట్టించి ఉంటారు. అంతకుముందు అందులో ఏ సరుకు మోశారో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. వద్దనుకున్నాం.

మేం తీసుకున్నది కొత్తగా చేసిందే. ఇనుప పైపుల ఫ్రేమ్, ఆ పైపుల మధ్య 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలకలు), లోపల సిమెంటు ఫైబర్ బోర్డు. యార్డులో పని మాత్రం నీటుగా ఉంది. వెల్డింగ్ అతుకుల మీద తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టాకే పై రంగు వేశారు. బోర్డులు మూయకముందు వైరింగ్ అంతా చూపించి, "మేడమ్, ఫొటోలు తీసుకోండి, రేపు గోడకు మేకు కొట్టాలంటే పనికొస్తాయి" అని సూపర్‌వైజరే చెప్పాడు. ఆ ఫొటోలు నిజంగానే అక్కరకొచ్చాయి.

దింపడం ఒక పూట పని. ట్రెయిలర్ మీద ఇల్లు కూర్చుంటే ఎత్తు పద్నాలుగు అడుగుల దాకా పోతుంది, తోట దారిలో వేలాడే కరెంటు తీగలు ముందే చూసుకోవాలి. మా దగ్గర ఒక చోట లైన్ ఆపించి, తీగను ఎండు వెదురుతో ఎత్తిపట్టి దాటించారు, నేను అటు చూడలేదు. మాది గట్టి ఎర్ర చెల్క, ఆరు దిమ్మెల మీద ఇల్లు కదలకుండా కూర్చుంది. నల్లరేగడైతే ఇంత సులువు కాదు. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేలలో ఒక దిమ్మె లేచి ఇంకోటి దిగితే మొదట పట్టేసేది తలుపే.

ఇక ఎండ సంగతి. పక్క చేను రైతు మొదటిరోజే అన్నాడు: "అక్కా, ఇల్లు మంచిగనే ఉన్నది గానీ, ఎండకాలం ఈ డబ్బాల ఎట్లుంటరు?" బ్రోషర్‌లో మాత్రం బయటికన్నా పది డిగ్రీలు చల్లన అని రాసి ఉంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి లోపలి గోడమీద అరచెయ్యి పెట్టి మెల్లగా పక్కకు జరపండి. ప్యానెల్ ఉన్నంత మేర గోరువెచ్చగా ఉంటుంది, ఇనుప పైపు దగ్గరికి రాగానే చురుక్కుమంటుంది. ఫ్రేమ్ ఎక్కడెక్కడ ఉందో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. నురుగు వేడిని ఆపుతుంటే పక్కనున్న ఇనుము దాన్ని లోపలికి తెచ్చేస్తోందన్నమాట. చలికాలంలో తెల్లవారుజామున అవే పైపుల వెంబడి గోడకు చెమట పడుతుంది, తుడవకపోతే బోర్డు మీద మచ్చలు. పైపుకూ బోర్డుకూ మధ్య రబ్బరు పట్టీ వేయమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగండి. పెద్ద ఖర్చు కాదు.

గోడల బాధ అయినా ఓర్చుకోవచ్చు, పైకప్పుది అలా కాదు. రోజంతా నెత్తిన ఎండ, కిందనే మన తల. మాకు ఒక మూల అటక మంచం కూడా చేసిచ్చారు, మా మనవడి కోసం. మే నెలలో దానిమీద వడియాలు పెట్టుకోవచ్చు. మా పుట్టిల్లు కదిరి వైపు, మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, పైన చౌడు మట్టి. మిట్టమధ్యాహ్నం మిద్దె కింద చాప వేసుకుంటే కరెంటు లేకున్నా నిద్ర పట్టేది. దానికీ చాకిరీ ఉంది లెండి, వానలకు ముందు పైన చౌడు పోయించుకోవాలి, ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు దొరకడం కష్టం.

రేకు మీద మొదట తెల్ల కూల్ పెయింట్ వేయించాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పటినుంచి ఆ పూతల పేర్లు షాపులవాళ్లకు బాగా తెలుసు. తేడా తెలిసింది గానీ, మామిడాకులూ దుమ్మూ పడి తెలుపు మాసేకొద్దీ ఆ తేడా తగ్గింది. తర్వాత వెల్డర్‌ను పిలిచి, ఇంటి పైకప్పుకు అడుగున్నర ఎత్తున ఇంకో రేకు కప్పు వేయించాం, మధ్యలో గాలి ఆడేలా. అదే కప్పును ముందుకు ఎనిమిది అడుగులు లాగి, కింద తాండూరు బండలు పరిపించి వసారా చేశాం. అంతా కలిపి లక్షా పదివేలు. బయట 41 డిగ్రీలున్న రోజు లోపల ఇంతకుముందు 40 చూపించిన గోడ థర్మామీటర్ ఇప్పుడు 36 చూపిస్తోంది. మామూలు 75 వాట్ల ఫ్యాన్ తీసేసి 28 వాట్లది పెట్టాం. రెండు సోలార్ ప్యానెళ్లు, ఒక బ్యాటరీతో రాత్రంతా తిరుగుతుంది. ఏసీ జోలికి పోలేదు. సోలార్ సబ్సిడీ వస్తుందని యార్డువాళ్లు ఊరించారు గానీ, కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు ఇచ్చే 78 వేలు గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైనుకు, కలిపిన ఇళ్లకే. బ్యాటరీ మీద నడిచే మా తోట ఇంటికి రాదు.

ఇప్పుడు మేం ఉండేది వసారాలోనే. లోపల వంటగట్టు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎండుమిర్చి పోపు వేసినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది. మంచం మీద పడుకున్న మనిషి దగ్గుతూ లేచి బయటికి పరిగెత్తాలి. చిమ్నీ పెట్టిస్తాం, 22 వేలవుతుందని యార్డువాళ్లు అన్నారు. ఆ డబ్బుతో వసారా చివర బండ గట్టు కట్టించి పొయ్యి అక్కడికి మార్చాం. లోపలి గట్టు మీద కాఫీ ఒక్కటే. మీరు కొనేపనైతే లోపలి అలమారాలు, ఫాల్స్ సీలింగ్, గాజు షోకేసు అన్నీ కొట్టేయించి ఆ డబ్బు బయటి కప్పుకు పెట్టండి. యార్డువాళ్లకు లాభం లోపలి సోకుల మీద, అందుకే బయటి కప్పు గురించి వాళ్లంతట వాళ్లు ఎత్తరు.

మరుగుదొడ్డికి ప్లాస్టిక్ బయోట్యాంక్ అమ్మజూపారు. మేం ఊరి మేస్త్రీతో రెండు గుంతలది కట్టించాం, బోరుకు బాగా దూరంగా. ఒక గుంత నిండితే మూసి రెండోదానికి మళ్లించాలి. ఏడాదిన్నర, రెండేళ్లకు మొదటిది వాసన లేని ఎరువవుతుంది. నమ్మకం కుదరనివాళ్లకు వరంగల్ జిల్లా గంగదేవిపల్లి సంగతి చెప్తుంటాను: 2017లో కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువు ఎత్తారు. స్నానం నీళ్లు అరటిచెట్లకు పోతాయి. కప్పు మీది వాననీళ్లు డ్రమ్ముల్లో పడతాయి. 800 మిల్లీమీటర్ల వాన పడేచోట 200 చదరపు అడుగుల రేకుకు ఏడాదికి దాదాపు 15 వేల లీటర్లు వస్తాయి, పారబోసుకోవడం ఎందుకు?

కోతుల గురించి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. పొద్దున ఆరింటికి మంద మొత్తం రేకు మీద దూకితే గుండె జారుతుంది. వానపడితే టీవీ వినపడదు. దిమ్మెల మధ్య ఖాళీలో పాములు చేరకుండా చుట్టూ సన్న జాలీ బిగించుకోవాలి. ఇల్లంతా ఇనుమే కాబట్టి ఎర్తింగ్ సరిగా చేయించి ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూసుకోవాలి. కదిలే ఇల్లు కదా పర్మిషన్ అక్కర్లేదని అమ్మేవాళ్లు అంటారు. ఆ మాట పంచాయతీ కార్యదర్శి నోట విన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

పర్యావరణానికి మంచిదా అంటే, సిమెంటు, ఇసుక చాలా తక్కువ పట్టాయి, ఒక్క చెట్టూ కొట్టలేదు, రేపు తోట అమ్మినా ఇల్లు ఎత్తుకుపోవచ్చు. ఇనుము పాతసామానుకైనా పోతుంది. ఆ నురుగు మాత్రం మట్టిలో కలవదు, అటకెక్కించిన బ్రోషర్ ఏం చెప్పినా సరే.

సర్వీసు దగ్గరే మార్కులు పోయాయి. నెలన్నరలో ఇస్తామన్నది దసరా దాటి దీపావళికి వచ్చింది. మొదటి వానకే బాత్రూమ్ కిటికీ పక్కనుంచి నీళ్లు కారాయి. ఫోన్ చేస్తే సీలెంట్ ట్యూబు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చి పూసి వెళ్లాడు, తర్వాతి వానకు మళ్లీ అదే. రెండో కప్పు వచ్చాక అటు జల్లు కొట్టడం తగ్గింది గానీ, గాలివానకు ఇప్పటికీ కారుతోంది. కిటికీ మొత్తం ఊడదీసి రబ్బరు మార్చాలని మా వెల్డర్ చెప్పాడు. మేం ఒప్పందంలో పది శాతం డబ్బు మొదటి వానాకాలం అయ్యాకే ఇస్తామని రాయించుకున్నాం, యార్డు ఓనరు గునిసినా చివరికి సంతకం పెట్టాడు. "మేడమ్, ఆ బ్యాలెన్స్ క్లియర్ చేస్తే మనిషిని పంపుతాం" అంటున్నారు. మనిషిని పంపితే క్లియర్ చేస్తానని నేనంటున్నాను. చెక్కు రాసే ఉంది, తారీఖు వేయలేదు.