ఉప్పుగాలిలో ఆరేళ్లు నడిచిన ఇన్వర్టర్ ఏసీ

1.5 టన్నుల 5 స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్. ఆర్‌32 గ్యాస్, రాగి కాయిల్. విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో పై అంతస్తు, పడమటి గోడ ఉన్న గది. చల్లదనానికి వంక లేదు, కరెంటు వాడకమూ పొదుపే. పేచీ అంతా తేమతోనూ ఉప్పుతోనూ.

మే నెల సులువు. 26 డిగ్రీలు పెట్టి, సీలింగ్ ఫ్యాను ఒకటి రెండులో తిప్పితే సరిపోతుంది. సెట్టింగు ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ (స్టార్ రేటింగులిచ్చే కేంద్ర సంస్థ) లెక్క. 18 పెడితే గది తొందరగా చల్లబడుతుందనేది భ్రమ, 24 పెట్టినా మొదట్లో కంప్రెసర్ దాదాపు అంతే జోరుగా తిరుగుతుంది. స్టార్ స్టిక్కర్ మీది వార్షిక కరెంటు యూనిట్లు 1600 గంటలకు లెక్కగట్టినవి. మన ఊళ్లో మార్చి నుంచి అక్టోబరు దాకా రోజూ రాత్రంతా వేస్తే ఆ గంటలు ఎప్పుడో దాటిపోతాయి.

అసలు ఇబ్బంది జూలై నుంచి. బయట 28 డిగ్రీలే, ఉక్కపోత మాత్రం తగ్గదు. గది త్వరగా 26కి దిగిపోతుంది, ఇన్వర్టర్ కంప్రెసర్‌ని నెమ్మది చేస్తుంది, కాయిల్ తగినంత చల్లగా ఉండదు కాబట్టి గాలిలోని తేమ దాని మీద నీరుగా పట్టదు. దుప్పటి జిగటగానే ఉంటుంది. చాలామంది అప్పుడు ఏసీ ఫ్యాన్ స్పీడు పెంచుతారు. అది తిరగబడే వైద్యం, గాలి జోరు పెరిగితే కాయిల్ ఇంకా వేడెక్కుతుంది. ఏసీ ఫ్యాన్ తక్కువ స్పీడులో పెట్టాలి, లేదా డ్రై మోడ్ వేయాలి. పని జరుగుతోందో లేదో డ్రెయిన్ పైపు చివర చూస్తే తెలుస్తుంది, నీళ్లు బాగా పడుతుండాలి. చిన్న గదికి 2 టన్నులు కొన్నవారికి ఈ బాధ రెట్టింపు.

ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదికి నీళ్లు కారితే గ్యాస్ అనుకునే ముందు డ్రెయిన్ చూడండి. ట్రేలో జిగురు నాచు పేరుకుంటుంది. ఎంసీబీ (కరెంటు బోర్డులో ఏసీకున్న బ్రేకర్ స్విచ్) ఆపి, పైపు బయటి చివర నుంచి వాక్యూమ్‌తో లాగించి, ట్రేలో నెమ్మదిగా ఒక మగ్గు నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూడాలి. పైపు చివర బకెట్ నీళ్లలో మునిగి ఉన్నా గాలి పట్టి నీళ్లు వెనక్కి తంతాయి. బాల్కనీ బకెట్లతో మన ఫ్లాట్లలో ఇది మామూలే. ఫిల్టర్లు పదిహేను రోజులకొకసారి కడిగితే చాలు.

అవుట్‌డోర్ యూనిట్‌కి ఉప్పు శత్రువు. అల్యూమినియం ఫిన్లు (కాయిల్‌ మీది పలుచని రేకులు) తెల్లగా పొడి రాలితే వేడి బయటికి పోదు, కరెంటు యూనిట్లు పెరుగుతాయి. నెలకోసారి, ఎంసీబీ ఆపి పది నిమిషాలాగి, మంచినీళ్లతో పైనుంచి కిందికి కడగాలి. ప్రెషర్ పంపు వద్దు, ఫిన్లు వంగిపోతాయి. ఎలక్ట్రికల్ బాక్సు వైపు నీళ్లు పడకూడదు. సముద్రం వైపు గోడకు బిగించకుండా వేరే గోడ దొరికితే అదే మేలు, కానీ గాలి ఆడని డక్టులో మాత్రం పెట్టొద్దు. స్టాండు గాల్వనైజ్డ్, బోల్టులు స్టెయిన్‌లెస్ అయి ఉండాలి. సందుల్లోంచి బల్లి దూరితే పీసీబీ (సర్క్యూట్ బోర్డు) పోతుంది, మూత సరిగ్గా బిగిసిందో లేదో చూసుకోండి.

ఏటా గ్యాస్ ఎక్కించాలనే మెకానిక్ మాట నమ్మొద్దు. గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు, తగ్గిందంటే లీకున్నట్టే. ముందు రాగి పైపులు కలిసే ఫ్లేర్ నట్ల దగ్గర సబ్బు నురగతో చూడమనండి. కనబడకపోతే నైట్రోజన్ ప్రెషర్ పరీక్ష. ఆ తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలి తీసి, అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీదున్న గ్రాముల ప్రకారం తూచి నింపాలి. ఆర్‌32 అంటుకునే గుణమున్న గ్యాస్, లైన్లో గ్యాస్ ఉండగా బ్రేజింగ్ (మంటతో పైపు అతికించడం) చేయనివ్వకండి.

హాట్ అండ్ కోల్డ్ మోడల్‌కి అదనంగా డబ్బు పెట్టడం విశాఖలో దండగ. లంబసింగిలోనో అరకులోనో ఇల్లుంటే వేరే మాట.