బెంగళూరులో ఫంక్షన్‌కి హాల్ చూస్తున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

హూడి, కాడుగోడి, కేఆర్ పురం వైపు పార్టీ హాల్ వెతుకుతున్న తెలుగువాళ్ళందరికీ, ముఖ్యంగా మాలాగా క్రైస్తవ కుటుంబాలకీ ముస్లిం కుటుంబాలకీ, మతం చూసి మా హాల్ బుకింగ్ రద్దు చేసిన సంగతి చెప్పాలని రాస్తున్నాను. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి హాల్ పేరు రాయడం లేదు.

ఈ మార్చికి అమ్మానాన్నల పెళ్ళయి 50 ఏళ్ళు. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటున్నారు, అందుకే ఇక్కడే చేద్దామనుకున్నాం. అరగంట కృతజ్ఞతా ప్రార్థన, కేక్ కటింగ్, భోజనాలు. మొత్తం 80 మంది. అందులో 20 మంది దాకా గుంటూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చేయించుకున్నారు.

ఒక రెస్టారెంట్ పై అంతస్తులో ఉన్న హాల్ నచ్చింది. లిఫ్ట్ ఉంది, నాన్నకి ఇబ్బంది ఉండదు. మేనేజర్‌ది మదనపల్లె. మా తెలుగు వినగానే "మనోళ్ళే కదక్కా, రేటు చూసి చేస్తాంలే" అన్నాడు. ఈ ఊళ్ళో ఆ మాట వినబడితే ఎంత ధైర్యంగా ఉంటుందో ఇక్కడ ఉండేవాళ్ళకి తెలుసు. అద్దె 45,000 చెప్పి 40,000కి దిగాడు. లోపల వెజ్ మాత్రమే అన్నాడు, సరే అన్నాం. ఆ నిబంధన ఎవరికైనా ఒకటే కదా, అందులో బాధపడేదేం లేదు. 25,000 అడ్వాన్స్ యూపీఐలో పంపాం. రశీదు అడిగితే "ఫోన్‌లో పడింది కదక్కా, అదే రశీదు" అన్నాడు. నేను అక్కడ గట్టిగా పట్టుబట్టాల్సింది.

ఫంక్షన్ ఇంకా తొమ్మిది రోజులుందనగా, గుమ్మం దగ్గర పెట్టే బోర్డు మీద పేర్లు రాయడానికని కార్డు వాట్సాప్‌లో పంపాను. పైన బైబిల్ వాక్యం, కింద ప్రార్థన చేసే పాస్టర్ అయ్యగారి పేరు ఉన్నాయి. గంటలో ఫోన్ వచ్చింది. "అక్కా, మీరు క్రిస్టియన్సా? ముందే చెప్పుండాల్సింది."

హాల్లో దేవుడి పటాలున్నాయట, శుక్రవారం పూజ చేస్తారట, అక్కడ ప్రేయర్ అంటే ఓనర్ ఒప్పుకోవడం లేదట. పటాల జోలికి మేమెందుకు వెళ్తాం, అవి ఉన్నచోటే ఉంటాయి అన్నాను. పాటలుండవు, మైక్ పెట్టం అన్నాను. చివరికి, ప్రార్థన ఇంట్లోనే చేసుకుని భోజనాలకే వస్తాం అని కూడా అన్నాను. అంత దిగి అడిగినందుకు నాకు ఇప్పటికీ మనసులో మండుతూనే ఉంది. దానికి అతను ఇచ్చిన జవాబు: "ప్రేయర్ గురించి కాదక్కా, మీవాళ్ళ ఫంక్షనే వద్దంటున్నారు."

ఈ జవాబు విన్నాక ఇక దాచడానికేం లేదు. వాళ్ళు వద్దన్నది ప్రార్థనని కాదు, మమ్మల్ని. అదే హాల్లో అంతకుముందు వారం డీజే పెట్టి పుట్టినరోజు చేశారు, చిట్‌ఫండ్ వాళ్ళ మీటింగ్ జరిగింది. ఆ ఫోటోలు వాళ్ళ పేజీలోనే ఉన్నాయి.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. 10,000 వెనక్కి పంపి, మిగతా 15,000 "డేట్ బ్లాకింగ్ చార్జీలు" అన్నారు. రద్దు చేసింది వాళ్ళు, చార్జీలు మాకు! తొమ్మిది రోజుల్లో దొరికిన ఇంకో హాల్‌కి 58,000 అయింది. దానికి లిఫ్ట్ లేదు. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి మా తమ్ముళ్ళు మోసుకెళ్ళారు. 30 ఏళ్ళకు పైగా పిల్లలకి చదువు చెప్పిన మనిషి. ఎందుకు హాల్ మారిందని ఒక్కసారే అడిగారు. చెప్పాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన, మంచివారే, "వాళ్ళ హాలు వాళ్ళిష్టం కదమ్మా, అమెరికాలో కేక్ కేసులో సుప్రీంకోర్టే ఒప్పుకుంది" అన్నారు. చాలామంది ఇలాగే అనుకుంటున్నారు కాబట్టి నేను చదివి తెలుసుకున్నది చెప్తాను. కొలరాడోలో ఒక బేకరీ యజమాని తన మత విశ్వాసం వల్ల స్వలింగ జంట పెళ్ళికి కేక్ చెయ్యనన్నాడు. 2018లో అక్కడి సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చిన మాట నిజమే. కానీ దానికి కారణం, అక్కడి రాష్ట్ర కమిషన్ అతని విశ్వాసాన్ని చులకనగా చూస్తూ విచారణ చేసిందని. ఏ వ్యాపారమైనా ఎవరినైనా పొమ్మనొచ్చని ఆ తీర్పు చెప్పలేదు. మతం చూసి హోటల్లోకి రానివ్వకపోవడం అక్కడ 1964 నుంచే చట్టవిరుద్ధం.

మన దగ్గర రాజ్యాంగమే చెప్తోంది. 15వ అధికరణం రెండో క్లాజు ప్రకారం కేవలం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు చూసి ఏ పౌరుణ్ణీ దుకాణాలకీ, హోటళ్ళకీ, రెస్టారెంట్లకీ, వినోద స్థలాలకీ రాకుండా చెయ్యకూడదు. ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వాన్ని కట్టడి చేసేవే, ఇది మాత్రం ప్రైవేటు వ్యాపారికి కూడా వర్తిస్తుంది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో 'దుకాణం' అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు అంబేడ్కర్ ఆ మాటని చాలా విశాలంగా చెప్పారు. అడిగి వచ్చినవాళ్ళకి సేవ అందించడానికి సిద్ధపడి కూర్చున్న ఎవరైనా అందులోకి వస్తారు, లోపలికి రానిస్తే సరిపోదు, షరతులు కుదిరితే సేవ కూడా చెయ్యాలి అన్నది ఆయన వివరణ. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వివరణనే పట్టుకుని ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఆ మాట కిందికి వస్తాయంది. మాకూ ఆ హాల్‌కీ షరతులు కుదిరాయి. డబ్బు కూడా చేతులు మారింది.

మా చర్చి వెనక చిన్న హాల్ ఉంది, దాన్ని సంఘ సభ్యులకే ఇస్తారు. మరి అదేంటని నన్ను నేనే అడిగాను. అది బోర్డు పెట్టి ఊరందరికీ అద్దెకిచ్చేది కాదు. రోడ్డు మీద బోర్డు పెట్టి రమ్మని పిలిచాక మతం అడగడం వేరే సంగతి. ఇళ్ళ విషయంలో మాత్రం చట్టం అంత తేలిక కాదు. 2005లో అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో సభ్యత్వం తమవాళ్ళకే అనే నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ ఊళ్ళో టు-లెట్ బోర్డుల బాధ మనకి తెలియంది కాదు, దాని గురించి రాయాలంటే ఇంకో రోజు కావాలి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. హక్కు రాజ్యాంగంలో ఉంది గానీ, మతం చూసి సేవ నిరాకరించిన వ్యాపారికి ఇంత శిక్ష అని చెప్పే సాధారణ చట్టం మనకి లేదు. 1955 పౌర హక్కుల రక్షణ చట్టం అంటరానితనానికి సంబంధించింది. అందుకే మేము వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాం. రశీదు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బు తీసుకుని, మా తప్పేం లేకుండా రద్దు చెయ్యడం సేవాలోపం. ఈ రెండూ రాసి, రద్దుకి వాళ్ళు చెప్పిన కారణాన్ని కూడా ఉన్నదున్నట్టు రాశాం.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరుండే జిల్లాలోనే పెట్టొచ్చు, రెండేళ్ళ గడువుంటుంది.

అడ్వాన్స్ పంపే ముందే ఏం ఫంక్షనో మెసేజ్‌లో రాయండి: నిశ్చితార్థమా, నిఖానా, ప్రార్థన కూటమా. ఇది మతం చెప్పుకుని అనుమతి అడగడం కాదు, "ముందే చెప్పలేదు" అనే మాట వాళ్ళకి మిగలకుండా చెయ్యడం. సరే అన్న జవాబు కూడా రాతలోనే తీసుకోండి. రద్దు చేస్తే ఎంత వెనక్కిస్తారో, వాళ్ళే రద్దు చేస్తే ఏమిస్తారో రశీదు మీద రాయించుకోండి. ఫోన్‌లో వద్దంటే వెంటనే "మీరు ఫలానా కారణంతో రద్దు చేశారు, అవునా?" అని మెసేజ్ పెట్టండి. మా మేనేజర్ దానికి "ఓనర్ డెసిషన్ అక్కా, సారీ" అని జవాబిచ్చాడు. ఇప్పుడు మా దగ్గరున్న గట్టి ఆధారం ఆ ఒక్క మెసేజే.

మీకూ ఇలాంటిది జరిగి ఉంటే చాట్ చెరిపెయ్యకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే మాది పంపిస్తాను, పేర్లూ తేదీలూ మొత్తాలూ మార్చుకుని వాడుకోండి.