జేపీఎల్ కక్ష్యా చిత్రం: గీతతో పాటు పట్టికనూ చదవాలి

2025 ఫిబ్రవరిలో, 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొనవచ్చుననీ, అది పడే అవకాశమున్న దారిలో భారతదేశం కూడా ఉన్నదనీ టీవీల్లో మారుమోగుతున్న రోజుల్లో, ఇంటర్ చదివే మా అన్న కూతురు హన్మకొండలోని మా ఇంటికి వచ్చి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, "కాకా, దీని గీత భూమి గీతను దాటుతున్నది గదా, మరి తగలదా?" అని అడిగింది. ఆమెకు జవాబు చెప్పడానికే నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ (జేపీఎల్) నడిపే చిన్న ఖగోళ వస్తువుల డేటాబేస్‌ను మొదటిసారి శ్రద్ధగా వాడాను. దీనికి రుసుము లేదు, ఖాతా తెరవనక్కరలేదు.

పేరు టైపు చేయగానే వివరాలతో పాటు కక్ష్యా చిత్రం కూడా దొరుకుతుంది. వైఆర్4 సుమారు 4 సంవత్సరాలకొకసారి సూర్యుణ్ణి చుట్టివస్తుంది. భూమి–సూర్యుల సగటు దూరాన్ని ఒకటి అనుకుంటే, అది సూర్యుడికి 0.85 వంతు దగ్గరికి వచ్చి, మళ్ళీ 4.18 రెట్ల దూరానికి, అంటే అంగారక, గురు గ్రహాల కక్ష్యల నడుమకు వెళుతుంది. పైనుంచి చూస్తే రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకున్నట్టే ఉంటాయి. వేలితో బొమ్మను పక్కకు వంచినప్పుడు మాత్రం గ్రహశకలపు కక్ష్య 3.4 డిగ్రీలు వాలి ఉన్న సంగతి బయటపడుతుంది. తేదీని ముందుకు జరుపుతూ పోతే, గీతలు దగ్గరైన చోటికి భూమి, గ్రహశకలం ఒకే సమయానికి చేరితేనే ప్రమాదమని ఆమెకు నేను చెప్పకుండానే అర్థమైంది. నల్లబల్ల మీద గంటసేపు గీసినా ఇంత స్పష్టత రాదు.

అయితే ఈ చిత్రం సూర్యుడి ఆకర్షణ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుని గీసినది. గ్రహాల ప్రభావం ఇందులో లేదు కనుక, చాలా ఏళ్ల తరువాతి స్థానాలకు గానీ, భూమికి అతి దగ్గరగా వచ్చే సందర్భాలకు గానీ దీన్ని ఆధారం చేసుకోకూడదు. అటువంటి లెక్కలకు అదే సంస్థవారి హొరైజన్స్ అనే మరో ఆన్‌లైన్ సేవ ఉన్నది.

నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది అంకెల పట్టిక. ప్రతి విలువ పక్కన దాని అనిశ్చితి, అంటే అది ఎంత అటూఇటూ కావచ్చో, ఉంటుంది. భూమిని సమీపించే తేదీలకు ఎదురుగా అంచనా దూరంతో పాటు కనిష్ఠ, గరిష్ఠ దూరాలు కూడా ఉంటాయి. 2024 డిసెంబర్ 25న సుమారు 8 లక్షల కిలోమీటర్ల దూరంలో మనల్ని దాటిపోయిన వైఆర్4, గ్రహశకలాలను వెతికే చిలీలోని అట్లాస్ టెలిస్కోప్‌కు 27న గానీ చిక్కలేదు. కొద్ది రోజుల పరిశీలనతో కట్టిన కక్ష్యలో ఆ అనిశ్చితి పెద్దదిగా ఉండడం సహజం. ఢీకొనే అవకాశం ఫిబ్రవరి 18న 3.1 శాతానికి పెరిగి, వారం తిరగకుండానే దాదాపు సున్నాకు ఎందుకు పడిపోయిందో ఆమెకు బస్సు ఉదాహరణతో చెప్పాను. హైదరాబాద్ నుంచి చుట్టాలు వస్తున్న బస్సు జనగామకూ హన్మకొండకూ నడుమ ఎక్కడో ఉన్నదని తెలిస్తే, అది కాజీపేటలో ఉండే అవకాశం కొంచెమే. స్టేషన్ ఘన్‌పూర్‌కూ హన్మకొండకూ నడుమ ఉన్నదని తేలితే ఆ అవకాశం పెరుగుతుంది. ఘన్‌పూర్‌లోనే ఆగి ఉన్నదని ఫోన్ వస్తే ఒక్కసారిగా సున్నా అవుతుంది. బస్సు దారి మారలేదు, మనకు తెలిసినది మారింది.

అంతా ఆంగ్లంలోనే ఉండడం మన పిల్లలకు నిజమైన అడ్డంకి. ఎక్సెంట్రిసిటీ అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఉత్కేంద్రత అని చెప్పి, దీర్ఘవృత్తం ఎంత సాగి ఉన్నదో తెలిపే అంకె అది అని వివరించాక ముందుకు సాగింది. పట్టికలోని మిగతా మాటలకు కూడా తెలుగు పదాలను ఆమె తన ఫిజిక్స్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నది; ఇప్పుడు 2028 డిసెంబర్‌లో వైఆర్4 మళ్ళీ భూమి వైపు వచ్చే తేదీ కూడా ఆ పేజీలోనే ఉన్నది.